నా కేసు నాకు చెప్పిన వకీలు అత్త

వకీలు అత్త చనిపోయిందని మొన్న బుధవారం ఉదయం పనికి వెళ్ళే మింగళాడోన్ బస్సులో ఉండగా ఫోనొచ్చింది. టీ పెట్టుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిపోయిందట. ఆమె చెల్లెలు గొంతు పెంచకుండా, "అక్క పోనాదే. పన్లో సెప్పేసి వచ్చేయ్" అంది. నేను పని దాకా వెళ్ళకుండానే తర్వాతి స్టాపులో దిగిపోయాను. వెనక్కి వెళ్ళే బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు దేనికీ త్వరగా రావడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. బర్మాలో మేముండే పజుండౌంగ్‌లో మా పై వాటాలో ఉండేది. కోర్టులో అందరూ ‘సయామా’ అని, అంటే పంతులమ్మా అని, గౌరవంగా పిలిచేవారు. మా వీధి తెలుగువాళ్ళకు మాత్రం వకీలు అత్త. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి తొంగిచూసి, "ఏటి వండినారు?" అనేది. వాళ్ళు జవాబు చెప్పేలోపు ఊపిరి కూడదీసుకునేది.

పందొమ్మిదేళ్ళప్పుడు నేను నది అవతల తన్లిన్‌లో ఒక కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. అక్కడి సూపర్‌వైజరు నా మీద అత్యాచారం చేశాడు. అంతకుమించి ఇక్కడ రాయను. పోలీసు స్టేషనుకి అమ్మతోపాటు వచ్చింది వకీలు అత్తే. కేసు ఏడాది దాటి నడిచింది. వంతెన మీదుగా వెళ్ళడం, కోర్టు వరండాలో కూర్చోవడం, ఇంకో తేదీ పట్టుకుని తిరిగి రావడం.

ఒక వాయిదా రోజున కోర్టు గుమాస్తా మాటల్లో అత్తకి సంగతి తెలిసింది. సూపర్‌వైజరు చిన్న సెక్షను కింద నేరం ఒప్పుకుంటాడు, ప్రభుత్వ లాయరు పెద్ద సెక్షను వదిలేస్తాడు. వాళ్ళలో వాళ్ళకి మాట కుదిరిపోయింది. మాకు ఎవరూ చెప్పలేదు. అత్త నన్ను వరండా చివరికి తీసుకెళ్ళి, వాడికి శిక్ష ఎంత తగ్గుతుందో కూడా దాచకుండా చెప్పింది.

"మరి నన్నడగరా అత్తా?"

"అడగాల. అడగనేదు. అందుకే నాను అడుగుతున్నాను. నీకేటి కావాల?"

అన్నాళ్ళలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నాకేం కావాలో నాకే తెలియలేదు. ఎలాగోలా అయిపోతే చాలన్నాను. అమ్మ కూడా, "ఒప్పేసుకుందామొదినా, ఇంకెన్నాల్లు తిరుగుతాం?" అంది.

అత్త ఎవరినీ తప్పుపట్టలేదు. "అలిసిపోనావు, నిజమే. వద్దన్నా సరే, సరేనన్నా సరే, ఆ మాట నీ నోటంట జడ్జికి సెప్పు. ఆల్లూ ఆల్లూ మాటాడుకుని నీ కేసు మూసేత్తారేటి?"

బాధితురాలు ఒక సాక్షి మాత్రమేనని ప్రభుత్వ లాయరు విసుక్కున్నాడు. ఆమె వాదనకి దిగలేదు. ఒప్పందానికి ముందు నా మాట వినమని అర్జీ రాసి, గుమాస్తా బల్ల పక్కనే, అది జడ్జి దగ్గరికి వెళ్ళేదాకా నిలబడింది. జడ్జి అయిష్టంగానే ఒప్పుకున్నారు.

అయిపోతే చాలన్నదాన్ని, తర్వాతి వాయిదా నాటికి మనసు మార్చుకుని జడ్జి ముందు మాట్లాడాను. నాకు చెప్పకుండా చేసిన ఈ ఒప్పందం నాకు ఇష్టం లేదన్నాను. జరిగినదాన్ని దాని పేరుతోనే పిలవమన్నాను. జడ్జి తలెత్తకుండా రాసుకున్నారు. తర్వాత ఒప్పందాన్నే ఖాయం చేశారు. వాడు జైలుకి వెళ్ళాడు, వెళ్ళాల్సిన దానికన్నా చాలా తక్కువ కాలానికి.

తిరుగు బస్సులో అత్త అంది: "ఓడిపోనాం. గెలిసినామని నీకు అబద్దం సెప్పను." మళ్ళీ తనే, "నీ మాట కోర్టు పైల్లో ఉంది. తీసీనేరు" అని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. వంతెన పొడుగునా నేను కదలలేదు.

ఆమె వల్ల నాకు న్యాయం జరిగిందని రాయలేను. కానీ ఆ రోజు నోరు తెరవకుండా ఇంటికి వచ్చి ఉంటే నేను ఎవరిగా మిగిలేదాన్నో తెలియదు. సెలవు దొరికినప్పుడల్లా ఆమె వెంట కోర్టులకి వెళ్ళి, నాలాంటి వాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. కాళ్ళు వాచిపోతున్నాయి, ఇక మానేయమని పోరేదాన్ని. "మానేత్తాను, ఈ పిల్ల వాయిదా అవనీ" అనేది. అది అయ్యేలోపు ఇంకో పిల్ల మా మెట్లెక్కి వచ్చేది.

ఈ సోమవారం ఒక బర్మా అమ్మాయిది వాయిదా ఉంది. కాగితాలు వేరే లాయరు తీసుకున్నారు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. సయామా రాలేదేమని అడిగింది. చెప్పాను. కోర్టు మెట్ల వైపు చూసింది. లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. చటుక్కున లేచి, చెప్పులు బెంచీ కిందే వదిలేసి, వట్టి కాళ్ళతో లోపలికి నడిచింది.