తాబేలుకు రెండో పక్క

మీరంతా ఆ ట్రంకుపెట్టెను దాటుకుంటూ వెళ్లారు. మా జువాలజీ మాస్టారు పోయారని తెలిసి, పోయిన ఆదివారం బరంపురంలో సంతాపసభకు వచ్చారు. రెండు నిమిషాలు నిలబడ్డారు. నిగర్వి అన్నారు, టీ తాగారు. కాలేజీ వరండాలో, జల్లు కొట్టే చోట, ఆయన నోటుపుస్తకాల పెట్టె తడుస్తోంది. ఆయన గది ఎవరికో కావాలని బయట పెట్టారట. ఒక్కరూ దాన్ని లోపలికి జరపలేదు.

అందులో ఏముందో కనీసం ఇప్పుడు వినండి. పొడంపేట ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ల డిప్పల మీద పలకలుంటాయి. ఒకదానికి పక్కకు ఆరు, ఇంకోదానికి ఏడు, మరోదానికి ఎనిమిది. ఈ తేడాలో తల్లి ఇచ్చిందెంత, గుడ్డును పొదిగిన ఇసుక ఇచ్చిందెంత? ఆయన జీవితమంతా అడిగింది ఈ ఒక్క ప్రశ్నే.

మొదటి రెండేళ్లూ తప్పు చేశారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ రెండు వైపులా సమంగా ఉంది కనుక ఎడమ పక్కే లెక్కపెట్టి, కుడికీ అదే రాశారు. ఒకనాడు పొద్దెక్కినా ఇంకా గుడ్లు పెడుతున్న తాబేలు వెనక మాస్టారూ నేనూ కూర్చుని ఉంటే, పక్కనే చేపలు ఎండబెడుతున్న ఒకామె, ఊళ్లో అంతా అత్త అని పిలిచే ఆమె, వచ్చి నిలబడింది.

"ఏటి మేస్టారూ, ఒక్క పక్కే సూత్తారా? పెళ్లిసూపులకెల్లి సగం మొకమే సూసొచ్చీసినట్టుంది."

"రెండో పక్కా అంతే కదప్పా."

"ఎవులు సెప్పినారు?"

ఆమెకు రాత రాదు. వల దారం తెంపి, ఒక కొసన ఆరు ముళ్లు, రెండో కొసన ఎనిమిది ముళ్లు వేసి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు తాబేలు చుట్టూ తిరిగి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. ఆ ఇసుకలోనే కూర్చుని రెండేళ్ల రాతనూ అడ్డంగా కొట్టేశారు. నేనైతే దాచేసేవాణ్ణి.

అప్పటి నుంచి తల్లికొక దారం. గూటి దగ్గర సరుగుడు పుల్లకు కట్టేవారు. అనుమతి తీసుకుని, కొన్ని గూళ్లలో సగం గుడ్లు ఎండ తగిలే ఇసుకలోనే ఉంచి, సగం తాటాకు నీడన పాతేవారు. పిల్లలు పైకొచ్చాక రెండు పక్కలూ లెక్కపెట్టి, తల్లి దారంతో పోల్చి, సముద్రంలోకి వదిలి, దారాన్ని పెట్టెలో దాచేవారు.

"తల్లి పోలిక లేదంటే, తండ్రులెందరో ఎవులికి తెలుసు మేస్టారూ" అని అత్త నవ్వేది.

"నిజమే, అదీ రాయాలి" అని ఆయన రాసుకునేవారు. ఒకే గూటిలో వేరువేరు తండ్రుల పిల్లలుండొచ్చని నాకు చాలా తర్వాత తెలిసింది.

ఒకసారి ఒక పెద్దమనిషి, "ఎంతైనా మేలుజాతి రక్తం ఎక్కడున్నా మేలే కదండీ" అన్నాడు. "ముందు ఎవరి గుడ్డు నీడలో ఉందో, ఎవరిది ఎండలో ఉందో చెప్పండి బాబూ. జాతి సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మాస్టారు. మొన్నటి సభకు అధ్యక్షుడు ఆ పెద్దమనిషే. వేదిక మీద మాస్టారి మేలుజాతి రక్తాన్నే పొగిడాడు.

సభయ్యాక పెట్టె తెరిచాను. పైపుస్తకాల్లో సిరా అలుక్కుపోయింది. దారాల ముళ్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు. ఇక సంతాపాలు చాలు. నేనడిగేది ఇది:

పెట్టెను ఇవాళే పొడి గదిలోకి మార్చండి.

దారాలను చెత్తలో వేయకండి.

ఏ దారం ఏ గూటిదో పొడంపేట అత్తకు తెలుసు. ఆమెను పిలిచి, కుర్చీ వేసి అడగండి.

ఈ లెక్కలు అచ్చువేసేటప్పుడు ఆయన పేరు పక్కన ఆమె పేరు వేయండి.

కొట్టేసిన ఆ రెండేళ్ల పేజీలను చింపకండి.