చంద్రుణ్ణి ‘ఆమె’ అన్న పక్కింటి అక్క

నా చిన్నప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడింది ఒక చంద్రగ్రహణానికి. అప్పుడు మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగం పనిమీద వేరే రాష్ట్రానికి వెళ్లారు. అమ్మకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు ఒకసారి ఆమెకు కడుపు పోయింది. గ్రహణం చూడటం వల్లే అలా జరిగిందన్న దిగులు ఆమె మనసులో పాతుకుపోయింది. అందుకే ఆ రోజు మధ్యాహ్నమే కిటికీలకు దుప్పట్లు కట్టేసి, మంచినీళ్లైనా ముట్టకుండా కదలక మెదలక పడుకుంది.

కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచింది. “పొద్దుట్నుంచి లోపల బిడ్డ కదలట్లేదే. గ్రహణం విడిచాక సర్దుకుంటుందిలే. ఎవరితోనూ అనకు,” అంది.

ఆ మాట మింగలేక, కక్కలేక ఇల్లంతా తిరిగాను. అమ్మ కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

పక్కింటి అక్క అమెరికాలోనే పుట్టిన తెలుగమ్మాయి, కాలేజీలో లాటిన్ చదివేది. చీకటి పడుతుండగా, గ్రహణం చూద్దాం రమ్మని తలుపు తట్టింది. నేను గడప దాటనన్నాను. నా ముఖం చూసి ఏమనుకుందో, అక్కడే నా పక్కన కూలబడింది.

“మనకి మూన్ అంటే మామ కదా. లాటిన్‌లో ఆమె. పాత రోమన్ పోయెమ్స్‌లో ఎక్లిప్స్ వస్తే ఆమె కష్టంలో ఉంది అంటారు. అందరూ ఇత్తడి గిన్నెలు కొట్టేవాళ్లు, ఆమెకి హెల్ప్ చేయడానికి.”

వాళ్లకు భయం వేసేది కాదా అని అడిగాను.

“చాలా వేసేది. ఆడవాళ్ల భయం, ఏడుపు అంతా ఆ పోయెట్స్ మూన్ మీద, స్టార్స్ మీద పెట్టి రాశారు. కానీ భయమేసిందని ఎవరూ సైలెంట్‌గా కూర్చోలేదు.”

ఇక నావల్ల కాలేదు. అమ్మ చెప్పింది చెప్పేశాను.

అక్క చటుక్కున లేచింది. గబగబా లోపలికి వెళ్లింది. అమ్మ నావైపు చూసిన చూపుకు తలుపు చాటుకు జరిగాను. “గ్రహణం విడవనీ,” అంది అమ్మ.

“ఆంటీ, నేను డ్రైవ్ చేస్తా. మీరు పైకి చూడద్దు. కానీ ఇప్పుడే వెళ్దాం,” అంటూ అక్క తన శాలువాను అమ్మ తలమీంచి కప్పి, పొదివి పట్టుకుని నడిపించింది. పార్కింగ్‌లో నేను తలెత్తి చూశాను. చంద్రుడు కందిపోయినట్టు ఎర్రగా ఉన్నాడు. తప్పు చేశానేమో, చెల్లినో తమ్ముణ్ణో నేనే చంపేశానేమో అని ఆసుపత్రి దాకా వెక్కుతూనే ఉన్నాను.

డాక్టర్లు వెంటనే ఆపరేషన్ చేశారు. చెల్లి పుట్టగానే ఏడవలేదట. చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంది, బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆ సంగతి అమ్మ నా దగ్గర చాన్నాళ్లు ఎత్తలేదు. ఒకరోజు నాకు జడ వేస్తూ, “చెప్పి మంచిపని చేశావే,” అంది, అంతే.

నా పిల్లలు పెద్దవాళ్లయిన ఈ వయసులోనూ గ్రహణమంటే నాకు గుండె దడే. కానీ ఒంట్లో బాగాలేని ఆడమనిషి తనకేమీ లేదంటే మాత్రం నమ్మి లేచి రాలేను. పక్కన కూర్చుని మళ్లీ అడుగుతాను.