రొయ్య మేత ఎక్కడిదో తేల్చిన పిల్ల

భీమవరంలో మా రొయ్యల ఫ్యాక్టరీకి ఆ అమ్మాయి ఉద్యోగానికి వచ్చి నాలుగు నెలలు కాకుండానే నాకు ఆమె అంటే కడుపు మంట మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా నిజం.

మా సరుకు కొనే విదేశీ కంపెనీ ఏటా ఒక నివేదిక అడుగుతుంది. మేత పండిన పొలం దగ్గర నుంచి రొయ్య ఓడ ఎక్కేదాకా, కిలోకి ఎంత పొగ గాల్లో కలిసిందో చెప్పాలి. ఏడేళ్ళుగా అది నా పని. సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన అంకెలే వేసేదాన్ని. వాటి ప్రకారం మా మేతలోని సోయా ఎక్కడో సముద్రాల అవతల, అడవులు నరికిన నేలలో పండింది. ఆ అడవి పాపమంతా మా రొయ్య నెత్తిన పడేది. ఆ అంకెలు మనవి కావేమోనని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

ఆమెకి మొదటి నెలలోనే తోచింది. ఏ దేశం నుంచి ఎంత సోయా పిండి దిగుమతి అయింది, ఇక్కడ ఎంత తయారైంది, ఎంత బయటికి పోయింది అనే ప్రభుత్వ పట్టికలు ముందేసుకుని, మనం వాడేదాంట్లో బయటిది ఎంతో తేల్చేసింది. చాలా కొంచెం. మిగతాదంతా మన దేశపు పంటే. ఆ పాళ్ళ ప్రకారం అంకెలు మార్చేసరికి మా రొయ్య మీది పొగ లెక్క బాగా దిగిపోయింది. మేనేజర్‌గారు ఆమెను తన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. ఏడేళ్ళలో ఆ గదిలో నాకు మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

ఆమె మాత్రం నన్ను అక్కా అక్కా అంటూ తిరిగేది. దాంతో ఒళ్ళు ఇంకా మండేది. ఒకరోజు నివేదికలో చెరువుల భాగం రాసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"అక్కా, రైతులు చెప్పింది చెప్పినట్టు రాశానండి. మేత, కరెంటు, ఐసు. ఇంకేమైనా వదిలేశానేమో ఒక్కసారి చూస్తారా?"

వదిలేసింది. రెండో పేజీలోనే కనిపించింది. మా అత్తగారింట్లో చెరువులున్నాయి. కరెంటు పోతే నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగకూడదని జనరేటర్ వేస్తాం. అందులో పోసే డీజిల్ ట్రాక్టర్ కోసం తెచ్చిన డ్రమ్ములోదే. అందుకే చెరువుకి ఏమేం వాడతారని అడిగితే మా వైపు ఏ రైతైనా "డీజిలెందుకండి, అంతా కరెంటేనండి" అంటాడు. అది అబద్ధం కాదు, అతని దృష్టిలో ఆ డీజిల్ ట్రాక్టర్‌ది. రాజమండ్రి అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లకి ఇదంతా ఏం తెలుస్తుంది? దేశదేశాల ఓడల లెక్కలు తీసినామెకి పక్కూరి డ్రమ్ము కనబడలేదని నాకు భలే సంతోషం వేసింది.

"అంతా బాగుందమ్మా," అన్నాను.

నివేదిక పంపే ముందు ఫొటోల కోసం మేనేజర్‌గారు మా ఇద్దరినీ ఒక రైతు చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. గట్టు మీద జనరేటర్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆయన కాసేపు దాన్నే చూసి ఆమె వైపు తిరిగారు. ఆమె ముఖం బాగా కనబడాలని నేను ఒక అడుగు పక్కకి జరిగాను.

"దీని డీజిల్ ఏ పేజీలో ఉందమ్మా?"

"లేదండి. నాకు తెలియలేదండి."

"ఈ భాగం ఎవరికైనా చూపించావా?"

"అక్క చూశారండి. చెరువుల సంగతి మన ఆఫీసులో అందరికంటే అక్కకే బాగా తెలుసండి. ఆవిడ బాగుందన్నాకే మీకు ఇచ్చానండి."

నన్ను పట్టివ్వాలని అనలేదు. నామీద గౌరవం కొద్దీ అంది, ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ మాట ఆ ఆఫీసులో ఒక్కరి నోటైనా వినాలని ఏడేళ్ళు కాచుకు కూర్చున్నాను.

మేనేజర్‌గారు నావైపు చూశారు.

"మీ ఇంట్లో చెరువులున్నాయి కదండీ?"

"ఉన్నాయండి," అన్నాను.