హజ్రా బీ కుట్టు

పిడుగురాళ్ల దాటి దాచేపల్లి వైపు కొంత దూరం పోతే రోడ్డు పక్కన మెరక నేల ఒకటి ఉండేది. సర్కారు బంజరు. బట్టీల్లో సున్నం ఎత్తుకున్న లారీలు హైదరాబాదు దారి పట్టే ముందు అక్కడ ఆగేవి. గాలి పట్టించుకున్నా, తాళ్లు బిగించుకున్నా, టార్పాలిన్ చిరుగులు కుట్టించుకున్నా అక్కడే. ఆ కుట్టేది హజ్రా బీ.

ఆమెకు నోరు పెద్దదని అందరూ అనేవారు. నిజమే. ఆ నోరు లేకపోతే అంతమంది డ్రైవర్ల మధ్య ఆడమనిషి ఒక్క రోజు కూడా నిలబడలేదు. ఎవడైనా తొందరపెడితే, "అంత తొందరైతే నువ్వే కుట్టుకో, సూది ఇదిగో" అని చేతిలో పెట్టేది. సూది పట్టుకున్నవాడు మళ్లీ నోరెత్తేవాడు కాదు. కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే బుసబుసా ఉడుకుతుంది, లారీ చెక్కలు కూడా నిప్పంటుకుంటాయి. అందుకని సున్నం లారీకి టార్పాలిన్ అంటే ప్రాణంతో సమానం. ఆ సంగతి డ్రైవర్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

అంతటి పనిమంతురాలికి ఊళ్లో ఉన్న పేరు మాత్రం వేరు. మొగుడి కళ్లు తీసిన కుట్టు ఈమెది అనేవారు.

డెబ్బై ఏడు నాటి మాట. ఆమె భర్త నూర్ మొహమ్మద్ అప్పట్లో బ్రహ్మయ్య లారీ తోలేవాడు. ఒక వానరోజు మెరక మీద చోటు లేకపోతే, వాగు పక్క పల్లంలో లారీ పెట్టమన్నాడు బ్రహ్మయ్య. పై ఊళ్లలో వాన దంచింది. వాగు పొంగి, నీళ్లు లారీ అడుగు చెక్కల సందుల్లోంచి లోపలికెక్కాయి. సరుకు దించేసి బండినైనా కాపాడదామని నూర్ మొహమ్మద్ వెనక తలుపు తీశాడు. ఉడుకుతున్న సున్నం ఎగిసి మొహాన పడింది. రెండు కళ్లూ పోయాయి. "పెళ్లాం కుట్టిన టార్పాలిన్ కారింది, నేనేం చేసేది?" అన్నాడు బ్రహ్మయ్య. తప్పు తనమీదికి రాకుండా చూసుకున్నాడు. ఊరు నమ్మింది. కుళాయి దగ్గరా, పెళ్లిళ్లలోనూ అదే మాట. హజ్రా బీ పోట్లాడని మనిషి లేడు, ఆమె మాట నమ్మిన మనిషీ లేడు.

ఎనభై ఆరు నాటికి హైదరాబాదులో మేడలు లేస్తున్న కొద్దీ సున్నం లారీలు పెరిగాయి, రోడ్డు పక్క నేలకు గిరాకీ పెరిగింది. మెరక మీద తాను షాపుల వరస కట్టుకుంటాననీ, లారీలను వాగు పక్క పల్లానికి మార్చమనీ బ్రహ్మయ్య అర్జీ పెట్టాడు. విచారణకు ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ముందురోజే పెద్దవాన కురిసి వెలిసింది.

"పల్లంలో పెడితే ఏమవుద్ది సార్? టార్పాలిన్ బాగుంటే చాలు. ఈమె కుట్టు కారబట్టే ఈమె మొగుడి కళ్లు పోయినయ్. ఊరందరికీ తెలుసు," అన్నాడు బ్రహ్మయ్య, నూర్ మొహమ్మద్ ఎదురుగానే.

హజ్రా బీ పక్కనున్న తన పాకలోకి పోయి బరువైన మడత ఒకటి ఈడ్చుకొచ్చింది.

"ఇదే సార్ ఆ రోజు లారీ మీదున్న టార్పాలిన్. కారుద్దని ఈయన పారేస్తే తొమ్మిదేళ్లు దాచిపెట్టా. కుట్టు విప్పలేదు, మళ్లీ వెయ్యలేదు. దీనికింద సున్నం పెట్టండి, పైన నేను నీళ్లు పోస్తా. చుక్క దిగిందంటే ఇయ్యాలే పాక పీక్కుపోతా. దిగకపోతే లారీలు ఇక్కణ్ణుంచి కదలవు."

ఆఫీసరు సరేనని తలూపాడు. పక్కన కూర్చుని దారానికి మైనం రాస్తున్న నూర్ మొహమ్మద్ లేచాడు.

"సున్నం గంప నా ఒళ్లో పెట్టండయ్యా. నేను కూచుంటా కింద."

"ఏంది నువ్వనేది? మతి పోయిందా?" అంది హజ్రా బీ.

"కుట్టింది నువ్వేగా. నాకు లేని భయం నీకెందుకు?"

తొమ్మిదేళ్లు మడిచిపెట్టిన గుడ్డ మడతల దగ్గర పగిలి ఉండొచ్చు. అది ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. వద్దంటే ఊరి మాట నిజమని ఒప్పుకున్నట్టే. నలుగురు డ్రైవర్లు నాలుగు కొసలూ పట్టుకున్నారు. నూర్ మొహమ్మద్ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని గంపను ఒళ్లోకి తీసుకున్నాడు.

బిందె తనే ఎత్తింది. నీళ్లు టార్పాలిన్ నడుమకు చేరి సరిగ్గా అతని తల మీద గుంటకట్టాయి. రెండో బిందె పోసింది. "చాలమ్మా" అన్నాడు ఆఫీసరు. "చాలదు సార్" అని మూడోది కూడా పోసింది.

"హజ్రా!" అని కిందినుంచి వినపడింది. "కుట్టు వెంటే చెయ్యి పెట్టి చూస్తున్నా. ఈ కొసనుంచి ఆ కొసదాకా పొడిగా ఉంది."

హజ్రా బీ బిందె పక్కన పెట్టి అక్కడే కూలబడి ఏడ్చింది. పోట్లాటల్లో ఏనాడూ ఏడవని మనిషి. డ్రైవర్లు నీళ్లు పక్కకు వంచేశారు. నూర్ మొహమ్మద్ గడ్డం నిండా తెల్లటి పొడితో బయటికొచ్చాడు. గంపలో ఒక్క గడ్డ కూడా చెమ్మగిల్లలేదు.

"మరి ఆ రోజు నీళ్లు ఎటునుంచి వచ్చినట్టు?" అన్నాడు ఆఫీసరు.

"కిందినుంచి సార్. పల్లంలో పెట్టమన్నది ఈయనే," అన్నాడు నూర్ మొహమ్మద్. ఇన్నేళ్లూ ఈ మాట చెబుతూనే ఉన్నాడు. అది చెవికెక్కింది మాత్రం ఆ రోజే.

హజ్రా బీ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గంప తెచ్చి బ్రహ్మయ్య ముందు దించింది.

"ఇంద, బ్రహ్మయ్యన్నా. నీ పల్లంలో నిన్నటి నీళ్లు మోకాటిలోతు ఉన్నయ్. నెత్తిన కప్పుకోడానికి కొత్త టార్పాలిన్ నేనిస్తా. ఈ గంప ఒళ్లో పెట్టుకుని ఆ నీళ్లల్లో కాసేపు కూచునిరా. నువ్వు నవ్వుకుంటా తిరిగొస్తే, లారీలన్నిటినీ దగ్గరుండి నేనే అక్కడికి తోలిస్తా."

ఆఫీసరు జీపు బానెట్ మీద ఫైలు తెరిచి, లారీలు ఉన్నచోటే ఉండాలని నిలబడే రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఆ గంప బ్రహ్మయ్య కాళ్ల దగ్గరే ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.