మల్లమ్మ నోరు

సోమలకు పోయే దారిలోని పల్లెలో మల్లమ్మ నోరంటే అందరికీ హడల్. ఇంటి పక్క షెడ్డులో ఆమె పెంచే పట్టుపురుగులకు ఘాటు వాసన పడదు. బీడీ తాగి షెడ్డులోకి వచ్చినవాడు ఎంతటివాడైనా ఆమె తిట్లకు వీధి చివరిదాకా పరుగెత్తాల్సిందే. అలాంటి మనిషిని ముప్పై ఆరో ఏట కీళ్లవాతం పట్టుకుంది. వేళ్లు వంకర్లు పోయాయి. పురుగుల మేతకు మల్బరీ ఆకు కోయలేకపోయేది, సీసా మూత తిప్పలేకపోయేది, జుట్టు ముడి వేసుకోలేకపోయేది. ఎనిమిదేళ్లు ఆ నొప్పితో మనసు కుంగి ఆ నోరూ మూగబోయింది. రోజంతా గోడవైపు తిరిగి పడుకునేది.

మదనపల్లె డాక్టరమ్మ కీళ్లకు తోడు మనసుకూ మాత్రలు రాసింది. రెండు నెలలు మింగాక మల్లమ్మ లేచి కూర్చుంది, ఒకరోజు కోడిని కూడా తిట్టింది. సంతోషించాల్సిన మొగుడు వెంకటప్ప, "పిచ్చోళ్ల మాత్రలు నా ఇంట్లో యాల?" అని చీటీతో సహా పొయ్యిలో వేశాడు. వెధవ పని, ఇంకో మాట లేదు. మూడు వారాల్లో ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది.

ఒక పొద్దున వెంకటప్ప టమోటా తోటకు పురుగుమందు కొట్టాడు. గాలి తిరిగి ఆ తుంపర పక్కనున్న మల్బరీ మీద పడడం మల్లమ్మ కిటికీలోంచి చూసింది. ఆ ఆకు తింటే పురుగులు చస్తాయని ఆమెకు తెలుసు. ఒక్క కేక చాలు. ఆ కేక గొంతు దాటలేదు. చెబితే ఏం, చెప్పకపోతే ఏం అనిపించి కళ్లు మూసుకుంది.

సాయంత్రం ఆ ఆకే కోసి మేత వేశాడు. ఇంకో వారంలో గూళ్లు కట్టాల్సిన పురుగులు తెల్లారేసరికి పచ్చగా కక్కుకుని, తలలు కొట్టుకుంటూ తట్టల నిండా చచ్చాయి.

"నీ నొప్పి తైలం కంపుకే సచ్చినాయి గదే" అంటూ వెంకటప్ప ఆమెను జుట్టు పట్టి మంచం మీంచి లాగాడు. వెదురు బద్ద తీసుకుని వీపు మీద, తొడల మీద, తల మీద బాదాడు. అడ్డం పెట్టిన చెయ్యి మణికట్టు దగ్గర పుటుక్కున విరిగింది. నెత్తురు చెంప మీదుగా నోట్లోకి కారింది.

"నువ్వే సంపినావు" అంది మల్లమ్మ. ఎన్నాళ్లకో వచ్చిన మాట అది. "మందు గాలికి ఆకు మీద పడింది. నేను సూస్తానే ఉండాను."

బద్ద ఆగింది. "సూసి యాల సెప్పలేదు?"

"సెప్పేదానికి నోరు రావాలనే ఆ మాత్రలు. పొయ్యిలో ఏసింది నువ్వే గదా."

సిగ్గుపడే రకమైతే అక్కడ ఆపేవాడు. మళ్లీ కొట్టాడు. అరుపులకు పక్కింటి రాజమ్మ వచ్చి బద్ద లాక్కుంది, ఆటో పిలిచింది.

పుంగనూరు ఆసుపత్రిలో నర్సు కాగితం తీసి, "పడినావా అమ్మా?" అని అడిగింది. వెనకాలే వచ్చిన వెంకటప్ప గుమ్మంలోంచి, "అవునమ్మా, షెడ్డులో జారింది" అన్నాడు.

మల్లమ్మకు కళ్లు మూసుకోవాలనిపించింది. చెబితే ఏం అని మళ్లీ అనిపించింది. నర్సు ఆమె వైపే చూస్తోంది.

"కొట్నాడు" అంది మల్లమ్మ. "రాసుకో. పొయ్యిలో ఏసిన మాత్రలు నాకు మళ్లా కావాల. అదీ రాసుకో."