మత్తడి కింద సొరబుర్ర

మొన్న శామీర్‌పేట చెరువు మత్తడి దుంకుతోందని మా కోడలు ఫోన్‌లో వీడియో చూపించింది. చెరువు నిండి, నీళ్ళు రాతిగోడ మీదుగా పొంగి పడటాన్ని మేం అలాగే అంటాం. ఆ గోడ మనిషి ఎత్తు కూడా ఉండదు. నేను మాత్రం పాతికేళ్ళుగా దాన్ని రెండంతస్తులని చెబుతున్నాను. నా నోట్లో పడితే ఏదైనా అలా పెరుగుతుంది.

తొంభైల్లో నా భార్య తమ్ముడు, మా చిన్న బామ్మర్ది, జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తూ మచ్చ బొల్లారంలో మా ఇంట్లోనే ఉండేవాడు. ఒక వానాకాలం నేను ఐదు కిలోల కొర్రమట్ట చేప తెచ్చి, మత్తడి కింద నడుములోతు నీళ్ళలో నిలబడి ఉత్త చేతులతో పట్టానన్నాను. ఐదు కాదు, రెండు కిలోలు. పట్టలేదు, మేడ్చల్ అంగట్లో కొన్నాను. దారిలో బోరింగు దగ్గర ఆగి చొక్కా తడుపుకున్నాను కూడా. వాడు ముల్లు చప్పరిస్తూ, "నువ్వు మొగోనివి బావా! వచ్చేయేడు నన్ను సుత తోల్కపో" అన్నాడు.

మరుసటేడు తీసుకుపోక తప్పలేదు. చేపలు పట్టేవాళ్ళంతా గోడకు చాలా దూరంగా, కింద వాగులో వలలు కట్టుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన మమ్మల్ని ఆపి, గోడకు నాలుగు గజాల ఇవతల ఎండు సొరబుర్ర విసిరాడు. నీళ్ళలో దిగేముందు అలా చూసుకోవడం వాళ్ళ అలవాటు. బుర్ర వాగు వెంట పోలేదు. వెనక్కి గోడ వైపే పోయి, పడే నీళ్ళ కింద మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది.

"సూసిన్రా? మీద నిమ్మలంగనే ఉంటది. లోపల గోడ దిక్కు గుంజుతది. బుర్ర బయటికి రాందే మేం దిగం బిడ్డా."

"మా బావ పోయినేడు గాడనే నిలవడి పట్టిండు తాతా!"

ముసలాయన నా వైపు తిరిగాడు. "నువ్వా? గీడనా?"

అబద్ధం రా అంటే అయిపోయేది. ఇంటికెళ్ళాక అక్కాతమ్ముళ్ళు కలిసి నవ్వుతారని ఆ మాట మింగేసి, "అప్పుడు నీళ్ళు తక్కువుండె" అన్నాను. వాడు ప్యాంటు పైకి మడిచి, నవ్వుతూ నాలుగడుగులు వేసి, బుర్ర పోయిన దారినే పోయాడు. రెండుసార్లు తల తేలింది. రెండోసారి "బావా" అన్నాడు. ముసలాయన విసిరిన తాడు అందలేదు.

నీళ్ళు తగ్గాక మర్నాడు దొరికాడు. నేనూ దూకానని, నీళ్ళే నన్ను ఒడ్డుకు విసిరేశాయని మా ఆవిడకు చెప్పాను. నా మోకాళ్ళు కూడా తడవలేదు. వాడు మునిగాక ముసలాయన నా పొడి చొక్కా వైపు చూసి తాడు చుట్టుకున్నాడు. ఇంటికెళ్తూ అదే బోరింగు దగ్గర ఆగాను.

మొన్న వీడియో చూస్తూ మా ఆవిడ కోడలితో, "మా తమ్ముని కోసం మీ మామ గిండ్లనే దుంకిండు బిడ్డా, పానం సుత సూసుకోలే" అంది. కోడలు నా వైపు గౌరవంగా చూసింది. నేను ఫోన్‌లోని గోడ వైపు చూశాను. పాతికేళ్ళు ఎటు కొట్టుకుపోయాయో గానీ, ఆ సొరబుర్ర ఇంకా గోడ దగ్గరే మునిగి తేలుతోంది.