బండి వాటా

బ్యాటరీ బండి వేటకు పనికొస్తుందా, పెట్టిన డబ్బుకు గిట్టుబాటు అవుతుందా అని హుజూరాబాద్‌లో ఒక ఎరువుల దుకాణం ముందు కుర్చీలేసుకుని పెద్దమనుషులు వాదించుకుంటారంటే ఎవరూ నమ్మరు. నేను కళ్లారా చూశాను. వాళ్లలో మా అన్న ఒకడు. అందరికీ భూములున్నాయి, అందరి ఇళ్లలోనూ ఫ్రిజ్జు నిండా మాంసం ఉంటుంది. దుప్పిని చంపడం నేరమని చిన్నపిల్లలకు కూడా తెలుసు, వీళ్లకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆ మాట ఒక్కరి నోట రాలేదు. కొండ ఎక్కుడు దారిలో బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, వెనక బరువు వేస్తే లాగుతుందా, లైటు ఆర్పేసి నడపొచ్చా. వాళ్ల చర్చంతా అదే.

తుపాకి చప్పుడు చేస్తుందని వీళ్లు ఏనాడో తుపాకి మానేసి తీగ ఉచ్చులకు దిగారు. జీపు చప్పుడు చేస్తుందని జీపు మానేశారు. మామూలు మోటార్‌సైకిల్ చప్పుడుకు కూడా ఫారెస్టు వాళ్లు లేచి కూర్చుంటున్నారని ఇప్పుడు కొత్త దారి వెతుకుతున్నారు. ఇంత బుర్ర పొలం మీద పెట్టుంటే మా ఇంటి బావి కింద రెండు పంటలు పండేవి.

నేను పనిచేసేది అక్కడికి దూరంగా, జైనూర్ దగ్గర కొండ మీది ఒక గూడెం బడిలో. జైనూర్‌లో గది తీసుకుని ఉంటాను. గూడేనికి బస్సు లేదు. ఆటో నిండితేనే కదులుతుంది, నిండకపోతే ఆ రోజు బడికి ఆలస్యం. పాత స్కూటీ ఘాటు రోడ్డు ఎక్కలేక మొరాయించేది, పెట్రోలు అయిపోతే సీసాలు పట్టుకుని కిరాణా కొట్ల వెంట తిరగాలి. అందుకే కిందటేడు బ్యాటరీ బండి కొన్నాను. కొండగట్టు అంజన్న గుడికి తీసుకెళ్లి పూజ చేయించాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది పూజారి, కొబ్బరికాయ కొట్టింది మా అన్న. "మా చెల్లె మీద దెబ్బ వడకుండ చూడు సామీ" అని పైకే మొక్కాడు. అప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఆ బండి నాకిచ్చిన సంతోషం చెప్పాలి. ఇంజను రొద లేదు కాబట్టి అడవి వినిపించేది. ఒక పొద్దున మలుపు తిరిగేసరికి దారి పక్కన చుక్కల దుప్పులు మేస్తున్నాయి. తల్లి తలెత్తి చూసింది. పిల్ల చూడను కూడా లేదు. నేను బండి ఆపి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ నిలబడ్డాను. పాత స్కూటీ మీదైతే అవి అరమైలు ముందే మాయమయ్యేవి. ఊరికి పోయినప్పుడు ఈ సంగతి అన్నం తింటూ ఇంట్లో చెప్పాను. మా అవ్వ, అంటే మా అమ్మ, "ఎంత మంచిగుంటదో బిడ్డా" అంది. మా అన్న ముద్ద కలపడం ఆపాడు.

"అంటే గవి ఉర్కలేదా?" అన్నాడు.

"ఉర్కలే."

"నువ్వు ఎంత దగ్గరికి పోయినవ్?"

చెయ్యి చాపి గోడ చూపించాను. గోడ మీద మా తాత తెచ్చిన దుప్పి కొమ్ములున్నాయి. మా అన్న ఆ కొమ్ములకేసి కాసేపు చూసి మళ్లీ అన్నం కలుపుకున్నాడు. మర్నాడు నన్ను బస్టాండులో దింపుతూ ఎరువుల దుకాణం దగ్గర ఆగి, నన్ను వాళ్ల ముందు నిలబెట్టి బండి గురించి చెప్పమన్నాడు. ఆ చర్చ విన్నది అప్పుడే. నేనక్కడే మొహం మీద చెప్పాను, "నా బండి ముచ్చట మీ ఏటకు వాడుకోవద్దు" అని. అందరూ నవ్వారు. "టీచరమ్మ గరమైంది" అని ఒకాయన చాయ్ తెప్పించాడు. ఆడది కోపంగా అంటే చాయ్, మగవాడు కోపంగా అంటే పంచాయితీ. ఈ మర్యాద నాకు పుట్టుకనుంచీ తెలిసిందే.

ఇప్పుడు మా అవ్వ అంటుంది, ఇంట్లో ఆ సంగతి చెప్పడమే నా తప్పని. నేనలా అనుకోను. దుప్పిని చూసి ముచ్చటపడ్డవాళ్లది తప్పు, చంపినవాడిది సరదానా?

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక శుక్రవారం సాయంత్రం మా అన్న తన దోస్తును వెంటబెట్టుకుని కారులో జైనూర్ వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి రావడం. అవ్వ పంపిన సకినాలు, బియ్యం, మామిడికాయ తొక్కు తెచ్చాడు. నేను పొంగిపోయి జొన్న రొట్టెలు చేశాను. తిన్న తర్వాత "జర నీ బండి ఇయ్యి చెల్లె, గట్ల తిరిగొస్తం" అన్నాడు. "కారుంది గద" అన్నాను. "కారుకు ఆ తొవ్వలేడివి? గుళ్లు గోపురాలు సూసొస్తం, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఇచ్చాను. శనివారం నేను ఆటోలో బడికి పోయాను. సాయంత్రం మళ్లీ బండి తీసుకుని ఇద్దరూ వెళ్లారు. కారు మా ఓనరు వాళ్ల వాకిట్లోనే ఉంది, ఎక్కడికీ కదల్లేదు.

ఆదివారం పొద్దున లేచేసరికి బండి కడిగి ఉంది. తళతళలాడుతోంది. మా అన్న ఇంట్లో తాగిన గ్లాసు కూడా కడగడు. వాకిట్లో కారు స్టార్టై ఉంది, దోస్తు లోపల కూర్చున్నాడు. మా అన్న గడప ముందు నిలబడి మోదుగాకుల మూట ఒకటి నా చేతికి అందించాడు. తడిగా, బరువుగా ఉంది.

"ఏంది?"

"బండి వాటా."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా వైపు వేటలో వాటాల లెక్క తప్పదు. మనిషికొకటి, ఉచ్చు పెట్టినవాడికి ఇంకొకటి, కుక్క వస్తే కుక్కకు ఒకటి, జీపు పెడితే జీపుకు ఒకటి. మా తాత మంచం పట్టి కదల్లేని రోజుల్లో కూడా ఆయన తుపాకి అడవికి పోయి వస్తే తుపాకి వాటా మోదుగాకుల్లో చుట్టి ఆయన మంచం దగ్గర పెట్టేవాళ్లు. ఎవరి వాటా ఎగ్గొట్టినా అంతకంటే పరువు తక్కువ లేదు. మా అన్న చెల్లెలితో అబద్ధం చెప్పగలడు, గర్భంతో ఉందో లేదో చూడకుండా దుప్పి మెడకు తీగ బిగించగలడు, నా ఉద్యోగాన్ని తాకట్టు పెట్టగలడు. బండి వాటా మాత్రం ఎగ్గొట్టలేడు. అంత నీతిమంతుడు.

"నిన్న శనివారం గద. నేను ముట్టలే. ఇయ్యాల్నే పోగులేసి పంచుకున్నం" అన్నాడు. అంజన్న మొక్కు వల్ల మంగళవారం, శనివారం నీసు ముట్టడు. శనివారం చంపొచ్చు, తినకూడదు. ఏ దేవుడు పెట్టిన నియమమో.

"తీస్కపో" అని మూట తిరిగి అతని చేతిలోనే పెట్టేశాను. "నా బండికి వాటా ఏందన్నా? నా బండిని దొంగతనానికి తీస్కపోయి వాటా ఇస్తవా?"

"లొల్లి వెట్టకు. ఓనరోళ్లు ఇంటరు. బండైతే మస్తున్నది, సప్పుడే లేదు. నేనూ ఒకటి తీస్కుంట." మూటను వాకిట్లో బట్టలుతికే బండ మీద పెట్టి కారెక్కి వెళ్లిపోయాడు. కొనకుండానే పరీక్ష చేసుకుపోయాడు. దుకాణం వాళ్లయినా బజారు చివరి దాకా నడిపి చూడమంటారు, ఈయన అడవి దాకా నడిపి చూశాడు.

మూట లోపలికి తేలేదు. కుక్కలకు వేస్తే అవి ఈడ్చుకుపోయి వాడంతా చాటుతాయి. పూడ్చిపెడితే నేనూ దొంగనే అవుతాను. ఏం చేయాలో తెలియక దాని మీద బకెట్ బోర్లించి గడప మీద కూర్చున్నాను. ఎండెక్కేదాకా అక్కడే ఉన్నాను.

అప్పుడు మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె వచ్చింది. గూడెం నుంచి నడిచి వచ్చింది, కాళ్ల నిండా దుమ్ము. "టీచర్, మా ఆయనను ఫారెస్టోళ్లు తీస్కపోయిండ్రు" అంది.

వాళ్ల చేను వెనక వాగులో పొద్దున పేగులు, రక్తం, తెగిన తీగ దొరికాయట. చేను ఎవరిదో అడిగి ఆయన్ను తీసుకుపోయారు. కొండ కింది ఆఫీసులో కూర్చోబెట్టారు, కేసు రాస్తారట, ఆదిలాబాద్ జైలుకు పంపిస్తారట. పత్తి ఏరాల్సిన రోజులవి. కోడలు ఎనిమిదో నెల. ఆయన తప్ప చేను చూసేవాళ్లు లేరు.

"ఆయనే అని ఎట్ల అంటుండ్రు?" అని అడిగాను.

"రాత్రి పారా కాసే ఫారెస్టోళ్లకు ఏ బండి సప్పుడు రాలేదంట టీచర్. బండి రాలేదంటే బయటోళ్లు రాలేదంట. నడిచి పోయినోళ్లే జేసిండ్రంట. అంటే గూడెపోళ్లే అంటుండ్రు."

చప్పుడు లేని బండి మా అన్నను దాచిపెట్టి ఊరుకోలేదు, ఈమె భర్తను పట్టించింది. ఎరువుల దుకాణం ముందు అంత లెక్క వేసిన పెద్దమనుషులు ఈ ఖర్చు లెక్కేయలేదు. వేయరు కూడా, కట్టేది వాళ్లు కాదుగా.

మా అన్నకు ఫోన్ చేశాను. అప్పటికి లక్సెట్టిపేట దాటాడు. సంగతి చెప్పి వెనక్కి రమ్మన్నాను.

"నీకేమన్న పిచ్చా? ఆల్లకు గిది అలవాటే. రెండు దినాలు కూసోవెట్టి ఇడుస్తరు."

"కేసు రాస్తుండ్రు. జైలుకు పోతడు."

"పోతె వకీలును నేనే పెడ్త తీ. నువ్వు నోరు తెరిస్తె ఫస్టు పొయ్యేది నీ బండి, తర్వాత నీ నౌకరి. ఆలోచించుకో."

పావుగంటకు అవ్వ ఫోన్ చేసింది. మా అన్న అప్పుడే చెప్పేశాడన్నమాట. "తోడవుట్టినోని మీద చెప్తావ బిడ్డా? గా మనిషి నీకేమైతడు?" అంది. ఏమవుతాడు? ఏమీ కాడు. వానాకాలం వాగు పొంగితే నన్ను చెయ్యి పట్టుకుని దాటించేవాడు, అంతే. కానీ అవ్వకు ఆ మాట చెప్పలేదు. ఏమైనా అయితేనే నోరు తెరవాలా అని నాకు అవ్వ మీద కూడా కోపం వచ్చి ఫోన్ పెట్టేశాను.

బకెట్ తీసి మూటను బండి హ్యాండిలుకు తగిలించాను. ఆమెను వెనక కూర్చోమన్నాను. ఘాటు రోడ్డు దిగి ఆఫీసుకు పోయాం.

ఆఫీసు వరండాలో ఆమె భర్త గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోతే పక్కనున్న గార్డు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. నేను మూటను ఆఫీసరు బల్ల మీద పెట్టి ఇది దుప్పి మాంసం, నా బండి మీద వచ్చింది అన్నాను.

"బండి రాలేదమ్మా. మావోళ్లు తెల్లార్లు పారా ఉన్నరు, చీమ చిటుక్కుమన్నా ఇనవస్తది" అన్నాడు ఆఫీసరు. మంచిగానే అన్నాడు, ఆడమనిషి ఏదో చాదస్తం కొద్దీ వచ్చిందన్నట్టు.

"సార్, మీరు వాకిట్లోకి వచ్చి అటు తిరిగి నిలబడండి. నేను బండి తీసినప్పుడు చెప్పండి."

విసుక్కుంటూనే వచ్చి మొహం అటు తిప్పి నిలబడ్డాడు. నేను బండి ఎక్కి ఆయన వెనకగా వాకిలి అంతా చుట్టి గేటు దాకా పోయి తిరిగొచ్చి మొదటి చోటే ఆపాను. గార్డులు చూస్తున్నారు, ఎవరూ మాట్లాడలేదు.

"ఎంతసేపమ్మా, తియ్యరాదు" అన్నాడు ఆఫీసరు అటు చూస్తూనే.

గార్డుల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఆఫీసరు తిరిగి చూసి, నేల మీద చక్రాల గుర్తు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. "నడిపింది ఎవరు?" అని అడిగాడు. మా అన్న పేరు, ఊరు, కారు నంబరు చెప్పాను. దోస్తు పేరు కూడా చెప్పాను. చివర్న బండి తాళం అడిగి తీసుకున్నారు. నా సంతకం కూడా తీసుకున్నారు.

ఆ బండి ఇవాళ్టికీ ఆ ఆఫీసు వెనక రేకుల కింద దుమ్ము పడుతోంది. మా అన్న బెయిలు మీద వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంటున్నాడట. "బండి మంచిదే, మనోళ్లే మంచోళ్లు కారు" అని చెబుతున్నాడట. అవ్వ నాతో మాట్లాడదు. నా మీద విచారణ కాగితం వచ్చింది, జవాబు రాశాను, ఇంకా ఏదీ తేలలేదు. వీటికి నేను ఏడవలేదు. ఏడ్చింది ఆ సోమవారం ఒక్కసారే.

ఆ రోజు మా అన్నను హుజూరాబాద్‌లో పట్టుకున్న తర్వాత గానీ ఆమె భర్తను వదల్లేదు. పొరపాటైందని ఒక్కరూ అనలేదు, వేలిముద్ర వేయించుకుని పొమ్మన్నారు. బండి లేదు కాబట్టి ముగ్గురం ఆటో ఎక్కాం. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ఆయన. వేలికి సిరా అంటిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నేనే ఉండబట్టలేక అడిగాను, మా అన్న వాళ్లు మీ చేను పక్కనుంచే పోయారు గదా, రాత్రి మీకు ఏమీ వినబడలేదా అని.

"లేదు టీచర్. ఆల్లు గూడ గదే అడిగిండ్రు. బండి సప్పుడు ఇన్నవా, ఇంటే చెప్పు, నిన్ను ఇడుస్తం అన్నరు. మస్తు సార్లు అడిగిండ్రు." దారి కేసి చూస్తూ చెప్పాడు. "ఇననిది ఇన్న అని ఎట్ల చెప్త?"